వడ్డీ చట్టం.. బ్యాంకు గడప దాకానే!

షావుకారుకు ఒక చట్టం.. బ్యాంకుకు ఇంకొకటి
తేడా తెలియకపోతే రెండు విధాలా నష్టపోయేది సరిహద్దు రైతే

విదురాశ్వత్థం (గౌరిబిదనూరు తాలూకా): ఉత్తర పినాకిని ఒడ్డున, వేల నాగప్రతిష్ఠల మధ్య ఉన్న ఈ క్షేత్రంలో కాసేపు కూర్చుంటే చాలు.. రెండు రాష్ట్రాల కష్టసుఖాలు చెవిన పడతాయి. హిందూపురం నుంచి వచ్చే ఆంధ్రావాళ్లు, బాగేపల్లి, చింతామణి, గౌరిబిదనూరు పల్లెల నుంచి వచ్చే కర్ణాటక తెలుగువాళ్లు కలుసుకునే చోటిది. మాట ఒకటే, దేవుడొకటే. పన్ను కట్టే సర్కారు మాత్రం వేరు. వానలు, బోర్లు, టమోటా ధర అన్నీ అయ్యాక మాట మెల్లగా అప్పుల మీదికి మళ్లుతుంది.

2025 నుంచి ఇక్కడ అప్పు మాట వస్తే తరచూ ఎదురయ్యే ప్రశ్న ఒకటుంది. వడ్డీవాళ్ల ఆగడాలకు కర్ణాటక సర్కారు కొత్త కాయిదా తెచ్చిందంట, జైలు కూడా వేస్తారంట. మరి బ్యాంకుకు ఆ కాయిదా వర్తించదా? బ్యాంకు వడ్డీ ఎక్కువైందని కోర్టుకు పోతే కొట్టెయ్యరా?

ఒక్క ముక్కలో జవాబు: వర్తించదు. అట్లాగని బ్యాంకుకు అడిగేవాడు లేడనుకుంటే అదీ పొరపాటే. బ్యాంకును కట్టేసే తాడు వేరే చోట ఉంది. ఈ రెండు మాటలూ కలిపి తెలుసుకోకపోతే నష్టమే. కొత్త చట్టంతో బ్యాంకు అప్పు కూడా రద్దయిందనుకుని కంతులు ఆపేసినవాడికి వడ్డీ పెరిగి, సిబిల్ చెడి, ఆఖరుకు నోటీసు వస్తుంది. చట్టాలతో మనకేం పని అనుకున్నవాడు లైసెన్సు లేని వడ్డీ వ్యాపారికి జీవితాంతం కడుతూనే ఉంటాడు.

ఒకే ఇంట్లో నాలుగు అప్పులు

ఒక ఇల్లు అనుకుందాం. ఊరూ పేరూ ఎందుకు, ఏ పల్లెలో చూసినా ఉంటుంది. మూడెకరాల మొక్కజొన్న, వేరుశనగ. ఇంటాయన పేరు మీద బ్యాంకులో పంట లోను. ఇల్లాలి గొలుసు బ్యాంకులోనే కుదువ. ఆమె పేరు మీదే పదిమంది ఆడవాళ్ల గుంపులో తీసుకున్న సంఘం లోను, అంటే మైక్రోఫైనాన్స్. ఇవి చాలక, బోరు ఎండినప్పుడు ఊళ్లో షావుకారు దగ్గర నూటికి మూడు రూపాయల వడ్డీకి 50 వేలు.

మన పల్లెల్లో వడ్డీని శాతాల్లో చెప్పరు. నూటికి ఇన్ని రూపాయలని నెల లెక్క చెబుతారు. నూటికి రూపాయంటే ఏడాదికి 12 శాతం. రెండు రూపాయలంటే 24, మూడంటే 36, అయిదంటే 60, పదంటే 120 శాతం. మూడు రూపాయల వడ్డీ చిన్నదిగానే వినిపిస్తుంది. 50 వేలకు నెలకు 1,500, ఏడాదికి 18 వేలు! అసలు అక్కడే ఉంటుంది.

ఈ నాలుగు అప్పులూ ఒకే ఇంటి మీద ఉన్నా, నాలుగింటినీ ఒకే చట్టం చూడదు. షావుకారు అప్పు రాష్ట్ర ప్రభుత్వం చేతిలో ఉంది. బ్యాంకు లోన్లు రెండూ రిజర్వ్ బ్యాంకు చేతిలో ఉన్నాయి. సంఘం లోను ఎవరి చేతిలో అన్నదాని మీదే పన్నెండేళ్లకు పైగా కోర్టుల్లో తగువు నడిచింది.

1938లో ఏటికి అటూ ఇటూ

అప్పు చట్టం సరిహద్దు దాటగానే మారిపోవడం మన ప్రాంతానికి కొత్త కాదు. విదురాశ్వత్థం పేరు చెప్పగానే గుర్తొచ్చేది 1938 ఏప్రిల్ 25. జెండా ఎగరేద్దామని చేరిన జనం మీద మైసూరు సంస్థానం పోలీసులు కాల్పులు జరిపిన రోజు. ముప్పై మందికి పైగా ప్రాణాలు పోయాయని ఇక్కడివాళ్లు చెప్పుకుంటారు. దక్షిణాది జలియన్‌వాలాబాగ్ అని ఊరికి పేరొచ్చింది అప్పుడే.

ఆ కాల్పులకు నెల రోజుల ముందే, సరిహద్దుకు ఆవల మద్రాసు రాష్ట్రంలో ఇంకో సంగతి జరిగింది. హిందూపురం అప్పుడు మద్రాసు రాష్ట్రం కింద ఉండేది. రాజాజీ మంత్రివర్గం తెచ్చిన మద్రాసు వ్యవసాయదారుల రుణ విముక్తి చట్టం 1938 మార్చి 22న అమల్లోకి వచ్చింది. 1932 అక్టోబర్ 1కి ముందు చేసిన రైతు అప్పుల మీద 1937 అక్టోబర్ 1 నాటికి పేరుకున్న వడ్డీ బాకీ మొత్తం కొట్టేశారు. అసలుకు రెండింతలు అప్పటికే కట్టి ఉంటే అప్పే చెల్లిపోయినట్టు లెక్క.

మైసూరు వైపు రైతుకు అది వర్తించలేదు. ఇక్కడ సంస్థానం చట్టాలు వేరు. అధిక వడ్డీ అప్పులను కోర్టు తిరగదోడే 1923 నాటి మైసూరు చట్టం ఒకటుండేది. అంటే ఏటికి ఒక గట్టున రైతుకు వడ్డీ మాఫీ, ఇంకో గట్టున కోర్టు చుట్టూ తిరుగుడు. వడ్డీ వ్యాపారం రాష్ట్రాల సంగతి అన్న పద్ధతి అప్పటి నుంచీ ఉన్నదే.

రాజ్యాంగంలో రెండు పద్దులు

స్వాతంత్య్రం వచ్చాక కూడా ఆ పద్ధతి పోలేదు. రాజ్యాంగం ఏడో షెడ్యూలులో రాష్ట్రాల జాబితా 30వ పద్దు కింద వడ్డీ వ్యాపారం, వడ్డీ వ్యాపారులు, వ్యవసాయ రుణ విముక్తి ఉన్నాయి. బ్యాంకింగ్ మాత్రం కేంద్రం జాబితాలో 45వ పద్దు. చిక్కంతా ఇక్కడే. బ్యాంకు చేసేదీ అప్పులిచ్చే పనే కదా! మరది వడ్డీ వ్యాపారమా, బ్యాంకింగా?

ఈ ప్రశ్న లండన్‌లోని ప్రివీ కౌన్సిల్ దాకా పోయింది. బెంగాల్ ప్రభుత్వం 1940లో వడ్డీ వ్యాపారుల చట్టం తెచ్చి, వసూలు చేసే వడ్డీకి పరిమితి పెట్టింది. ఖుల్నాలోని బ్యాంక్ ఆఫ్ కామర్స్ ఎదురు తిరిగింది. బ్యాంకులూ ప్రామిసరీ నోట్లూ కేంద్రం సంగతి, రాష్ట్రం చెయ్యి పెట్టకూడదని వాదించింది. 1947లో ప్రివీ కౌన్సిల్ ఆ వాదన ఒప్పుకోలేదు. చట్టం సారం వడ్డీ వ్యాపారమే కాబట్టి, బ్యాంకింగును కాస్త తాకినంత మాత్రాన అది చెల్లకుండా పోదని తేల్చింది. అంటే రాష్ట్రం తలుచుకుంటే బ్యాంకు అప్పును కొంతమేరకు తాకగలదని ఆనాడే తేలిన మాట. మరి మన రాష్ట్రాలు తలుచుకున్నాయా?

కర్ణాటక చట్టాలన్నింటా అదే మినహాయింపు

కర్ణాటకలో వడ్డీ వ్యాపారుల చట్టం 1961 నాటిది. అప్పులిచ్చి వడ్డీ తీసుకునే వ్యాపారం చేయాలంటే సహకార శాఖ కిందున్న రిజిస్ట్రార్ దగ్గర లైసెన్సు తీసుకోవాలి. వడ్డీకి గరిష్ఠ పరిమితి ఉంది. ఏదైనా పూచీ పెడితే ఏడాదికి 14 శాతం, పూచీ లేకపోతే 16 శాతం. మన లెక్కలో చెప్పాలంటే నూటికి రూపాయి పదహారు పైసలు, లేదా రూపాయి ముప్పై మూడు పైసలు. పైన చెప్పిన ఇంట్లో 50 వేలకు చట్ట ప్రకారం ఏడాదికి పడే వడ్డీ 8 వేలు. కడుతున్నది 18 వేలు! లైసెన్సు లేకుండా వ్యాపారం చేసినవాడు కోర్టుకెక్కినా డిక్రీ రాదు. బంగారం కుదువ పెట్టుకునే కొట్లకు అదే ఏటి తాకట్టు వ్యాపారుల చట్టం ఉంది. మీటర్ బడ్డీ పేరుతో సాగే దోపిడీని ఆపడానికి 2004లో అధిక వడ్డీ నిషేధ చట్టం వచ్చింది.

2018లో తెచ్చిన రుణ విముక్తి చట్టానికి 2019 జులైలో రాష్ట్రపతి ఆమోదం దొరికింది. చిన్న రైతులు, భూమి లేని కూలీలు, బలహీన వర్గాలవాళ్లు ప్రైవేటు వ్యాపారుల దగ్గర చేసిన అప్పులకు ఒకసారి విముక్తి ఇచ్చిన చట్టమది. దరఖాస్తుకు గడువు పెట్టారు. ఆ గడువు ఎప్పుడో ముగిసింది.

ఆ తర్వాతది 2025 చట్టం. ఆ ఏడాది జనవరిలో రాష్ట్రంలోని పలు జిల్లాల్లో మైక్రోఫైనాన్స్ వసూళ్ల వేధింపులు తట్టుకోలేక ఊళ్లు వదిలిపోవడాలు, ఆత్మహత్యలు వార్తలకెక్కాయి. ప్రభుత్వం పంపిన ఆర్డినెన్సును గవర్నర్ ఒకసారి వెనక్కి పంపారు. ఫిబ్రవరి 12న అది అమల్లోకి వచ్చింది. మార్చిలో చట్టసభలు బిల్లును ఆమోదించాయి. రిజిస్ట్రేషన్ లేనివాళ్లు బలహీన వర్గాలకు ఇచ్చిన అప్పు వడ్డీతో సహా చెల్లిపోయినట్టే. వేధిస్తే పదేళ్ల దాకా జైలు, 5 లక్షల దాకా జరిమానా.

అప్పు చెల్లిపోయినట్టే అన్న ఈ మాట దగ్గరే జనం పొరబడింది. రిజర్వ్ బ్యాంకు దగ్గర నమోదైన బ్యాంకులకు, ఫైనాన్స్ కంపెనీలకు ఈ చట్టం వర్తించదు. 1961 చట్టంలో బ్యాంకు ఇచ్చే అప్పు అప్పు కిందికే రాదు. 2018 చట్టంలోనూ బ్యాంకులు లేవు. ఏ చట్టం తీసినా బ్యాంకు గడప దగ్గర ఆగిపోయేదే!

కోర్టుకు తాళం వేసిన 21-ఎ

సరే, రాష్ట్ర చట్టం లేకపోతే పోనీ, వడ్డీ అన్యాయమని న్యాయమూర్తికే మొరపెట్టుకోవచ్చు కదా అనొచ్చు. ఒకప్పుడు అట్లా జరిగేది. 1918 నాటి అధిక వడ్డీ అప్పుల చట్టం ప్రకారం కోర్టు పాత లెక్కలు తిరగదోడి వడ్డీ తగ్గించవచ్చు. బ్యాంకుల విషయంలో ఆ దారి 1984 ఫిబ్రవరి 15న మూసుకుపోయింది. ఆ రోజు నుంచి అమల్లోకి వచ్చిన బ్యాంకింగ్ రెగ్యులేషన్ చట్టం 21-ఎ సెక్షన్ చెప్పేది ఇదీ: 1918 చట్టంలో గానీ, రుణాలకు సంబంధించిన ఏ రాష్ట్ర చట్టంలో గానీ ఏమున్నా, బ్యాంకు వేసిన వడ్డీ ఎక్కువన్న కారణంతో ఏ కోర్టూ ఆ లెక్కను తిరగదోడకూడదు.

ఈ సెక్షన్ ఎంత గట్టిదో పట్నంవాళ్లకు క్రెడిట్ కార్డు కేసులో తెలిసింది. 30 శాతం మించి కార్డు వడ్డీ వసూలు చేయడం అన్యాయమని జాతీయ వినియోగదారుల కమిషన్ 2008లో తీర్పిచ్చింది. 2024 డిసెంబర్ 20న సుప్రీంకోర్టు దాన్ని కొట్టేసింది. బ్యాంకు వడ్డీ సంగతి చూడాల్సింది రిజర్వ్ బ్యాంకే అన్నది సారాంశం.

సంఘం లోను ఏ గడప కిందికి?

ఇక్కడ ఆంధ్ర అనుభవం చెప్పుకోవాలి. 2010 అక్టోబర్ 15న అప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం మైక్రోఫైనాన్స్ సంస్థల మీద ఆర్డినెన్సు తెచ్చింది. తర్వాత అది చట్టమైంది. వారం వారం వసూళ్లకు బ్రేకు పడింది. వడ్డీ అసలును మించకూడదన్నారు. రిజిస్ట్రేషన్ లేనిదే వసూలు చేయకూడదన్నారు. హిందూపురం వైపు సంఘం లోన్లు ఉన్నట్టుండి ఆగిపోతే, ఇటు గౌరిబిదనూరు వైపు నడుస్తూనే ఉన్నాయి. మళ్లీ 1938 లాగే.. గట్టుకో న్యాయం!

ఆ గట్ల తేడాను చెరిపేసింది సుప్రీంకోర్టు. కేరళ, గుజరాత్ వడ్డీ వ్యాపారుల చట్టాల మీద నెడుంపిల్లి ఫైనాన్స్ కేసులో 2022 మే 10న తీర్పిచ్చింది. రిజర్వ్ బ్యాంకు దగ్గర రిజిస్టరై, పుట్టుక నుంచి మూసివేత దాకా ఆ బ్యాంకు అదుపులోనే ఉండే ఫైనాన్స్ కంపెనీల మీద రాష్ట్రాల వడ్డీ చట్టాలు పనిచేయవని చెప్పింది. దాన్ని ఆధారం చేసుకుని 2023 ఫిబ్రవరి 14న తెలంగాణ హైకోర్టు కూడా ఆ 2010 నాటి చట్టం అలాంటి కంపెనీలకు వర్తించదని తేల్చింది. అంటే ఇప్పుడు బ్యాంకు గడపే కాదు, రిజర్వ్ బ్యాంకు నంబరున్న ఫైనాన్స్ కంపెనీ గడప కూడా రాష్ట్ర చట్టానికి బయటే.

అందుకే బోర్డు మీద ఫైనాన్స్ అని ఉన్నంత మాత్రాన లాభం లేదు. ఊళ్లో కొట్టు పెట్టుకున్నవాళ్లలో రాష్ట్రం లైసెన్సు తీసుకున్న వడ్డీ వ్యాపారులుంటారు, రిజర్వ్ బ్యాంకు రిజిస్ట్రేషన్ ఉన్న కంపెనీలుంటాయి, రెండూ లేనివాళ్లూ ఉంటారు. మీకు అప్పిచ్చింది వీళ్లలో ఎవరన్నదే మొదట తేల్చుకోవాల్సింది. రిజిస్ట్రేషన్ పత్రం చూపించమని అడిగే హక్కు మీకుంది.

తాళం చెవి రాష్ట్రం దగ్గరే!

చాలామందికి తెలియని సంగతి ఒకటుంది. 21-ఎ సెక్షన్ చెల్లుతుందా లేదా అన్న ప్రశ్న 2018 ఫిబ్రవరి 16న సుప్రీంకోర్టు ముందు తేలింది. జయంత్ వర్మ కేసు అది. సెక్షన్ చెల్లుతుందంది కోర్టు. కానీ ఒక తిరకాసు పెట్టింది. వ్యవసాయ రుణ విముక్తి రాష్ట్రాల పద్దు కాబట్టి, ఏ రాష్ట్రమైనా చేసిన రైతు రుణ విముక్తి చట్టంలో బ్యాంకు బాకీలు కూడా కలిసి ఉంటే, ఆ మేరకు అక్కడ 21-ఎ అడ్డురాదు. చట్టం లేని చోట, ఉన్నా అందులోంచి బ్యాంకులను తప్పించిన చోట 21-ఎ పూర్తిగా పనిచేస్తుంది.

కర్ణాటక రెండో కోవలోకి వస్తుంది. 2018 రుణ విముక్తి చట్టంలోంచి బ్యాంకులను తప్పించింది శాసనసభే. కాబట్టి తలుపుకు తాళం వేసింది ఢిల్లీయే అయినా, తాళం చెవి బెంగళూరులో కూడా ఒకటుంది. దాన్ని వాడకపోవడానికి కారణమూ లేకపోలేదు. బ్యాంకు అప్పును చట్టంతో కొట్టేస్తే వచ్చే ఏడాది బ్యాంకు ఆ ఊళ్లో కొత్త లోను ఇస్తుందా అన్న భయం ప్రభుత్వాలకు ఉంటుంది. అది వట్టి భయమే అనడానికీ లేదు.

మాఫీలను గమనిస్తే ఈ తేడా కళ్లకు కడుతుంది. 2014 తర్వాత ఆంధ్రప్రదేశ్‌లో, 2018లో కర్ణాటకలో కుమారస్వామి ప్రభుత్వం పంట లోన్లు మాఫీ చేసినప్పుడు ఏ చట్టమూ బ్యాంకు అప్పును రద్దు చేయలేదు. సర్కారు తన ఖజానా నుంచి బ్యాంకులకు కట్టింది. షావుకారు అప్పయితే చట్టం కొట్టేస్తుంది. బ్యాంకు అప్పును మాత్రం ఎవరో ఒకరు కట్టాల్సిందే. డబ్బు జమ కాకముందే మాఫీ అయిందని సంబరపడి ఊరుకున్నవాళ్లకు వడ్డీ ఎందుకు పడిందో ఇప్పుడర్థమవుతుంది.

అమెరికాలోనూ ఇలాంటి సరిహద్దు కథ ఒకటుంది. నెబ్రాస్కా రాష్ట్రంలోని బ్యాంకు మిన్నెసోటాలో కార్డులిచ్చి తమ రాష్ట్రం వడ్డీయే వసూలు చేసింది. 1978లో అక్కడి సుప్రీంకోర్టు అది సరేనంది. ఆ తర్వాత సౌత్ డకోటా రాష్ట్రం వడ్డీ పరిమితి ఎత్తేస్తే, పెద్ద బ్యాంకు సిటీబ్యాంక్ కార్డుల వ్యాపారాన్ని అక్కడికి మార్చుకుంది. అక్కడ బ్యాంకు తన సొంత రాష్ట్రం చట్టాన్ని వెంటబెట్టుకుని సరిహద్దు దాటుతుంది. మన దగ్గర వడ్డీ విషయంలో హిందూపురం బ్రాంచికీ గౌరిబిదనూరు బ్రాంచికీ పెద్దదిక్కు ఒక్కటే. అది ముంబయిలోని రిజర్వ్ బ్యాంకు.

మరి బ్యాంకుకు కట్టడి లేదా?

ఉంది. 1994లో సుప్రీంకోర్టు తీర్పిచ్చిన కార్పొరేషన్ బ్యాంక్ కేసు మన కర్ణాటకదే. వడ్డీ ఎక్కువన్న మాట మీద లెక్క తిరగదోడకూడదు, నిజమే. కానీ రిజర్వ్ బ్యాంకు సర్క్యులర్ చెప్పినదానికి మించి బ్యాంకు వసూలు చేస్తే కోర్టు కలగజేసుకోవచ్చు. వ్యవసాయ లోను మీద మూడు నెలలకోసారి వడ్డీని అసలులో కలిపి చక్రవడ్డీ వేయడం కుదరదని కూడా ఆ కేసులో తేలింది. రైతు చేతికి డబ్బు వచ్చేది పంట వచ్చినప్పుడే కదా! 2001లో అయిదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం సెంట్రల్ బ్యాంక్ కేసులో దీన్నే బలపరిచింది. పంటల తీరును బట్టి ఏడాదికో ఆరు నెలలకో తప్ప వ్యవసాయ లోను వడ్డీని అసలులో కలపకూడదంది. అపరాధ వడ్డీని అసలుకు కలపరాదంది.

లెక్క వేసి చూడండి. లక్ష రూపాయలు 12 శాతం మీద అయిదేళ్లు ఉండిపోతే, ఏడాదికోసారి కలిపితే అయ్యేది సుమారు 1,76,234. మూడు నెలలకోసారి కలిపితే 1,80,611. తేడా 4 వేల పైచిలుకు. స్టేట్‌మెంటు అడిగి తీసుకుంటే గానీ ఈ తేడా బయటపడదు.

ఇటీవలి సంవత్సరాల్లో రిజర్వ్ బ్యాంకు ఇంకొన్ని బిగింపులు తెచ్చింది. కంతు తప్పినందుకు వేసేది వడ్డీ రూపంలో కాకుండా ఛార్జీగానే ఉండాలని, దాని మీద మళ్లీ వడ్డీ వేయకూడదని 2023 ఆగస్టు 18న ఆదేశించింది. లోను తీరాక ఆస్తి పత్రాలు 30 రోజుల్లో ఇవ్వకపోతే ఆలస్యానికి రోజుకు 5 వేల చొప్పున బ్యాంకే కట్టాలని అదే ఏడాది సెప్టెంబర్ 13న చెప్పింది. పూచీ లేకుండా ఇచ్చే వ్యవసాయ లోను పరిమితి 2025 జనవరి 1 నుంచి 1.6 లక్షల నుంచి 2 లక్షలకు పెరిగింది.

బంగారం లోన్ల మీద 2025 జూన్ 6న వచ్చిన నిబంధనలకు బ్యాంకులకు, ఫైనాన్స్ కంపెనీలకు 2026 ఏప్రిల్ 1 గడువు పెట్టారు. బాకీ తీరిన తర్వాత ఎట్టి పరిస్థితుల్లోనూ ఏడు పనిదినాల్లోగా నగ చేతికి రావాలి. తప్పు వాళ్లదై ఆలస్యమైతే రోజుకు 5 వేలు. వేలం వేసే ముందు నోటీసు ఇవ్వాలి. వేలంలో మిగిలిన డబ్బు మీకు తిరిగి రావాలి. ఇల్లాలి గొలుసు బ్యాంకులో ఉందా, వీధి చివరి తాకట్టు కొట్లో ఉందా అన్నదాన్ని బట్టి ఈ రక్షణ ఉంటుందో లేదో తేలుతుంది.

సంఘం లోన్లకు 2022 ఏప్రిల్ 1 నుంచి వేరే నిబంధనలున్నాయి. ఏడాదికి 3 లక్షల లోపు ఆదాయమున్న ఇంటికి పూచీ లేకుండా ఇచ్చేదే మైక్రోఫైనాన్స్ లోను. ఇంటి మీదున్న అప్పుల కంతులన్నీ కలిపి నెల ఆదాయంలో సగం దాటకూడదు. పొద్దున 9కి ముందు, సాయంత్రం 6 తర్వాత వసూలుకు ఫోన్ చేయకూడదు. కానీ వడ్డీకి గట్టి పరిమితి మాత్రం ఎత్తేశారు. కంపెనీ బోర్డు నిర్ణయించుకోవచ్చు, మరీ అన్యాయంగా ఉండకూడదన్నారు. వడ్డీ వ్యాపారికి 16 శాతం దాటితే నేరమైనది, రిజిస్టరైన కంపెనీకి నేరం కాదన్నమాట. ఈ తేడా న్యాయమేనా అన్నది చట్టసభల్లో గట్టిగా జరగాల్సిన చర్చ.

తెలుగులో అడగండి.. మీ హక్కు!

సరిహద్దు తెలుగువాళ్లకు అన్నింటికన్నా పనికొచ్చేది ఇది. ఇంట్లో తెలుగు మాట్లాడి, కన్నడ అక్షరాలు అంతంతమాత్రంగా చదివేవాళ్లు బాగేపల్లి, చింతామణి పల్లెల్లో ఎంతమందో. బ్యాంకులో పెట్టిన సంతకం ఇంగ్లిష్ కాగితం మీద, వచ్చిన నోటీసు కన్నడంలో. ఏం రాసుందో అడగడానికి మొహమాటం.

2024 ఏప్రిల్ 15న రిజర్వ్ బ్యాంకు ఇచ్చిన ఆదేశం ప్రకారం, 2024 అక్టోబర్ 1 నుంచి చిల్లర లోన్లన్నింటికీ ముఖ్య వివరాల పత్రం ఒకటి ఇవ్వాలి. ఛార్జీలన్నీ కలుపుకుని అసలు ఏడాదికి ఎంత శాతం పడుతుందో అందులో రాయాలి. అది అప్పు తీసుకునేవాళ్లకు అర్థమయ్యే భాషలో ఉండాలి. చదివి వివరించాలి కూడా. కర్ణాటకలో ఉన్నాం కాబట్టి కన్నడమే ఇస్తామనడానికి లేదు. మీకు తెలిసిన భాష తెలుగైతే తెలుగులో అడగొచ్చు. అందులో లేని ఛార్జీని తర్వాత మీ ఒప్పుదల లేకుండా వేయకూడదు.

చట్టాల గొడవంతా ఒక ఎత్తు, ఈ ఒక్క కాగితం ఒక ఎత్తు. షావుకారు దగ్గర నూటికెంతో ముందే తెలుస్తుంది. బ్యాంకు దగ్గర ఎంతో చాలామందికి లోను తీరే దాకా తెలియదు. వడ్డీ చట్టం బ్యాంకు గడప దగ్గర ఆగిపోయినా, ఈ కాగితాన్ని గడప లోపలికి తీసుకెళ్లేది మనమే.

ఏ అప్పుకు ఏ గడప?

* ఊరి షావుకారు, చేబదులు వడ్డీ వ్యాపారం: రాష్ట్రం చట్టం. లైసెన్సు ఉందా అని సహకార శాఖలో విచారించండి. వేధిస్తే పోలీస్ స్టేషన్, డిప్యూటీ కమిషనర్ కార్యాలయం. నోటు మీద తేదీ, ఊరు, తీసుకున్న మొత్తం ఉండేలా చూసుకోండి. ఖాళీ నోటు మీద సంతకం పెట్టొద్దు.

* తాకట్టు కొట్టు: రాష్ట్రం తాకట్టు వ్యాపారుల చట్టం. నగ బరువు, వడ్డీ రాసిన రసీదు లేకుండా నగ ఇవ్వొద్దు.

* సంఘం లోను, ఫైనాన్స్ కంపెనీ: రిజర్వ్ బ్యాంకు రిజిస్ట్రేషన్ ఉంటే రిజర్వ్ బ్యాంకు నిబంధనలు. లేకపోతే 2025 కర్ణాటక చట్టం.

* బ్యాంకు: వడ్డీ వ్యాపారుల చట్టం వర్తించదు. ముందు బ్రాంచిలో రాతపూర్వకంగా ఫిర్యాదు ఇచ్చి రసీదు తీసుకోండి. 30 రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చింది నచ్చకపోయినా రిజర్వ్ బ్యాంకు ఓంబుడ్స్‌మన్‌కు వెళ్లొచ్చు. ఖర్చు లేదు. వివరాలకు 14448 నంబరులో తెలుగు, కన్నడలోనూ మాట్లాడవచ్చు. వడ్డీ రేటు ఎక్కువ, తగ్గించండి అంటే అక్కడ వినరు. రాసుకున్నదానికి మించి వేశారు, చెప్పని ఛార్జీ వేశారు, నగ ఇవ్వలేదు అంటే వింటారు.

* బ్యాంకుల చేతిలోని సర్ఫేసీ చట్టం కింద సాగుభూమిని స్వాధీనం చేసుకోవడం కుదరదు. అట్లాగని బాకీ పోదు. కోర్టు ద్వారా, ఇతర చట్టాల ద్వారా వసూలుకు దారులున్నాయి. నోటీసు వస్తే పక్కన పడేయకుండా బ్రాంచికి వెళ్లి మాట్లాడుకోవడమే మేలు.